"మళ్లీ నాకేనా?" టీమ్‌లో పనుల పంపకం వెనక ఉన్న లెక్కలు

టీమ్‌లో పని పంచిన ప్రతిసారీ ఎవరో ఒకరి మనసులో "మళ్లీ నాకేనా?" అన్న మాట మెదులుతుంది. పంచినవారిని అడిగితే "ఎవరికి ఏది బాగా వచ్చో చూసే ఇచ్చాను" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. అయినా ఒకరి మాట ఇంకొకరికి ఎక్కదు. పని ఎలా త్వరగా తెములుతుందన్నది పంచినవారి ఆలోచన. భారం ఎవరి మీద పడుతోందన్నది మోసేవారి ప్రశ్న. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే ఎన్ని మీటింగులు పెట్టుకున్నా తేలదు. ఇళ్ల నుంచి, వేర్వేరు ఊళ్ల నుంచి పనిచేసే టీములు పెరిగాక ఎవరు ఎంత చేస్తున్నారో కళ్లకు కనిపించడం తగ్గింది. దానికి తోడు పనులు పంచే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. అందుకే ఈ లెక్కను మొదటి నుంచి చూడాల్సి వస్తోంది.

సమర్థత అంటే ఏమిటి, న్యాయం అంటే ఏమిటి

సమర్థమైన పంపకం అంటే ఉన్న మనుషులతో, ఉన్న సమయంలో పని బాగా పూర్తయ్యేలా చూడడం. వినడానికి తేలికే. కానీ "అందరి గంటలూ కలిపితే తక్కువ ఉండాలి" అనుకోవడం వేరు, "పని తొందరగా ముగియాలి" అనుకోవడం వేరు. మొదటిదానికి సరిపోయే పంపకం రెండోదానికి అడ్డం రావచ్చు.

న్యాయం ఇంకా చిక్కు. కనీసం మూడు కొలమానాలు వాడుకలో ఉన్నాయి. అందరికీ సమానంగా పంచాలన్నది ఒకటి. రెండోది దామాషా: జీతం, హోదా, గుర్తింపు ఎక్కువగా అందుకునేవారు ఎక్కువ మోయాలి. జాన్ స్టేసీ ఆడమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల్లో వివరించింది ఇలాంటి పోలికనే. తాను పెట్టిన శ్రమకు తనకెంత దక్కిందన్న దగ్గరే మనిషి ఆగడు, పక్కవారికి ఎంత శ్రమకు ఎంత దక్కిందో కూడా చూస్తాడు. తేడా కనిపిస్తే మనసు విరుగుతుంది, పని తగ్గుతుంది. మూడోది పరిస్థితిని బట్టి పంచడం: జబ్బు చేసి కోలుకుంటున్నవారికి, పసిబిడ్డ ఉన్నవారికి, నిన్నగాక మొన్న చేరినవారికి కొంత తగ్గించడం.

మూడూ న్యాయమే. కానీ ఒకేసారి మూడింటినీ తృప్తిపరచడం చాలాసార్లు కుదరదు. టీమ్‌లో ఇద్దరు "ఇది అన్యాయం" అని గట్టిగా వాదించుకుంటున్నారంటే, చెరో కొలబద్ద పట్టుకుని మాట్లాడుతున్నారేమో ముందు చూడాలి.

ముగ్గురు మనుషులు, మూడు పనులు: ఒక లెక్క

సుధ, రవి, లత ఒక టీమ్ అనుకుందాం. చేయాల్సినవి మూడు: ఒక రిపోర్టు రాయాలి, ఒక ప్రెజెంటేషన్ తయారుచేయాలి, తప్పులున్న డేటాను సరిచేయాలి. ఎవరికి ఏ పని ఎన్ని గంటలు పడుతుందంటే:

సుధ: రిపోర్టు 4, ప్రెజెంటేషన్ 5, డేటా 6
రవి: రిపోర్టు 6, ప్రెజెంటేషన్ 10, డేటా 8
లత: రిపోర్టు 9, ప్రెజెంటేషన్ 9, డేటా 8

మూడింటిలోనూ సుధే ముందుంది. "బాగా చేసేవారికే ఇద్దాం" అంటే మూడూ ఆమెకే పోతాయి. మొత్తం 15 గంటలు. మనుషుల గంటలు కలిపి చూస్తే ఇంతకంటే తక్కువలో అవ్వదు. కానీ పని ముగిసేది 15 గంటల తర్వాత, ఆ 15 గంటలూ ఒక్కరి మీదే.

సరే, తలా ఒకటి ఇద్దాం. సుధ అన్నిటికంటే వేగంగా చేసేది రిపోర్టు కాబట్టి అది ఆమెకు ఇవ్వాలనిపిస్తుంది. మిగిలిన రెంటినీ ఎంత బాగా సర్దినా (రవికి డేటా, లతకు ప్రెజెంటేషన్) మొత్తం 4+8+9, అంటే 21 గంటలు. ఇప్పుడు సుధకు ప్రెజెంటేషన్, రవికి రిపోర్టు, లతకు డేటా ఇచ్చి చూడండి: 5+6+8, మొత్తం 19. ఎనిమిది గంటల్లో అంతా అయిపోతుంది. ఉన్న ఆరు రకాల పంపకాల్లో ఇదే మేలైనది.

సుధకు ఆమె అత్యంత వేగంగా చేసే పని ఇవ్వకపోతేనే మేలు జరిగింది. ఎందుకు? రిపోర్టులో, డేటాలో ఆమెకూ తర్వాతివారికీ తేడా రెండేసి గంటలే. ప్రెజెంటేషన్‌లో నాలుగు గంటలు. అంటే చూడాల్సింది "ఈమె దేంట్లో దిట్ట" అని కాదు, "ఈమె చేయకపోతే ఎక్కడ ఎక్కువ నష్టం" అని. దేశాల మధ్య వాణిజ్యం గురించి 1817లో ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో చెప్పిన తులనాత్మక వ్యయ సిద్ధాంతంలో ఉన్న తర్కం ఇదే. ఆయన ఉదాహరణలో పోర్చుగల్ బట్టనూ ద్రాక్షసారానూ రెంటినీ ఇంగ్లండ్ కంటే తక్కువ శ్రమతోనే తయారుచేయగలదు. అయినా పోర్చుగల్ సారా మీద, ఇంగ్లండ్ బట్ట మీద దృష్టి పెడితే ఇద్దరికీ లాభమే.

ముగ్గురికైతే చేత్తో లెక్క వేసుకోవచ్చు. పది మందికి పది పనులు పంచాలంటే 36,28,800 రకాలుగా పంచవచ్చు. గణితంలో దీన్ని అసైన్‌మెంట్ ప్రాబ్లమ్ అంటారు. అన్ని రకాలూ చూడకుండానే మేలైనదాన్ని పట్టుకునే పద్ధతిని 1955లో హెరాల్డ్ కూన్ ప్రచురించారు. ఇద్దరు హంగరీ గణితవేత్తల పని మీద ఆధారపడింది కాబట్టి దానికి హంగేరియన్ మెథడ్ అని పేరు పెట్టారు. తర్వాత తెలిసిందేమిటంటే, జర్మన్ గణితవేత్త యకోబి 19వ శతాబ్దంలోనే ఈ దారి కనిపెట్టారు. అది ఆయన పోయాక 1890లో అచ్చయింది.

అదే పంపకం ప్రతివారం జరిగితే

లెక్క ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. అసలు గొడవ మొదలయ్యేది రెండో వారం నుంచి.

ఈ 19 గంటల పంపకాన్నే ప్రతివారం పాటించారనుకోండి. సుధ ఎప్పుడూ ప్రెజెంటేషన్ ఇస్తుంది, పైవాళ్ల కంట పడుతుంది. లత ఎప్పుడూ డేటా సరిచేస్తుంది. ఆమెకు గంటలూ ఎక్కువే (8), ఆ పని బయటికి కనిపించేదీ కాదు. ఆర్నెల్లకో ఏడాదికో ప్రమోషన్ మాట వస్తే "లత ప్రెజెంటేషన్లు ఇవ్వలేదు కదా" అంటారు. అవకాశం ఎవరిచ్చారన్న ప్రశ్న అప్పటికి ఎవరికీ గుర్తుండదు. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరు అని సామెత. మోసేవాళ్లు ఎప్పుడూ వాళ్లే కావాలా అన్నదే ఇక్కడ ప్రశ్న.

"న్యాయం చూస్తే పని దెబ్బతింటుంది" అని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఎంత దెబ్బతింటుందో లెక్క వేసినవారు తక్కువ. మన ఉదాహరణలో వేద్దాం. లతకు ప్రెజెంటేషన్, సుధకు డేటా, రవికి రిపోర్టు ఇస్తే మొత్తం 9+6+6, అంటే 21 గంటలు. ఎనిమిదికి బదులు తొమ్మిది గంటలకు పని ముగుస్తుంది. అంటే లతకు ఒక అవకాశం ఇవ్వడానికి అయ్యే ఖర్చు రెండు మనిషి-గంటలు, ఒక గంట ఆలస్యం. ఇదే ఆ న్యాయం ఖరీదు. అంకె కళ్లముందు ఉంటే వాదన మారిపోతుంది. ఈ వారం డెడ్‌లైన్ మెడ మీద ఉంటే ఆ గంట ఇవ్వలేకపోవచ్చు. లేని వారం ఇవ్వకపోవడానికి కారణం దొరకదు.

ఇంకో అడుగు వేద్దాం. నాలుగుసార్లు చేశాక లత ప్రెజెంటేషన్‌ను ఆరు గంటల్లో చేయగలిగిందనుకోండి. అప్పుడు సుధకు రిపోర్టు (4), రవికి డేటా (8), లతకు ప్రెజెంటేషన్ (6) ఇవ్వవచ్చు: మొత్తం 18. మొదట్లో మేలైనదనుకున్న 19 కంటే తక్కువ. నేర్పడానికి పెట్టిన అదనపు ఎనిమిది గంటలు, వారానికో గంట చొప్పున ఎనిమిది వారాల్లో తిరిగి వస్తాయి. నెలలో విడిపోయే టీమ్‌కు ఇది గిట్టుబాటు కాదు. ఏడాది కలిసి పనిచేసే టీమ్‌కు గిట్టుబాటే. కాబట్టి న్యాయమూ సమర్థతా శత్రువులా కాదా అన్నది చాలావరకు ఎంత కాలానికి లెక్క వేస్తున్నామన్న దాని మీద ఉంటుంది. ఒక్క వారం చూస్తే రెండూ కొట్టుకుంటాయి, ఏడాది చూస్తే చాలాచోట్ల కలుస్తాయి.

పనిమంతుల దగ్గర పేరుకునే క్యూ

బాగా చేసేవారికే పని పోవడంలో ఇంకో నష్టం ఉంది. అది న్యాయానికి సంబంధించింది కాదు, అచ్చంగా వేగానికి సంబంధించింది. పనులు ఎప్పుడు వచ్చిపడతాయో, ఒక్కోటి ఎంతసేపు పడుతుందో ముందే చెప్పలేని చోట, మనిషి ఎంత బిజీగా ఉంటే కొత్త పని అంత ఎక్కువసేపు ఎదురుచూడాలి. ఇది నెమ్మదిగా పెరిగే భారం కాదు. క్యూయింగ్ థియరీ (వరసలో ఎదురుచూపును లెక్కగట్టే గణితం)లోని అతి సాదా నమూనా ప్రకారం, ఒక్కో పని సగటున గంట పట్టేదైతే, సగం సమయమే బిజీగా ఉండే మనిషి దగ్గర కొత్త పని సగటున ఒక గంట ఆగుతుంది. 80 శాతం బిజీ అయితే నాలుగు గంటలు. 90 శాతానికి తొమ్మిది. 95 శాతానికి 19.

చివరి రెండంకెలే చూడండి. బిజీ పెరిగింది అయిదు శాతమే, ఎదురుచూపు రెట్టింపు దాటింది. "సుధ అయితే గంటలో చేసేస్తుంది" అన్నది నిజమే కావచ్చు. కానీ ఆ గంట మొదలయ్యేది ఎప్పుడు? పక్కన ఖాళీగా ఉన్న రవి మూడు గంటలు పట్టినా ముందే ఇచ్చేస్తాడు. ఈ మాట చాలామంది మేనేజర్లకు సుధ సెలవు పెట్టిన రోజున గాని తెలిసిరాదు.

అందరిదీ అంటే ఎవరిది?

"అందరూ కలిసి చూసుకోండి" అని వదిలేయడం పైకి చాలా సమంగా కనిపిస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మన్ మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచారు. ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఒక్కరే లాగినప్పటి బలాన్ని 100 అనుకుంటే, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు తలా 49 మాత్రమే వచ్చింది. ఇదంతా బద్ధకం కాదు. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం కూడా ఒక కారణం. ఈ రెంటినీ విడదీయడానికి 1979లో బిబ్ లటానే, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. కళ్లకు గంతలు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, ఒంటరిగా అరుస్తున్నవారిని కూడా "మీతో పాటు ఇంకొందరు అరుస్తున్నారు" అని నమ్మించారు. అక్కడ సమన్వయం సమస్యే లేదు. అయినా అరుపు తగ్గింది. ఎవరి అరుపు ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పినప్పుడు ఆ తగ్గుదల పోయిందని వాళ్లే 1981లో చూపించారు. ఉమ్మడి పనికైనా ఒక పేరు రాసి ఉండాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే.

ఇక "ఎవరైనా చేస్తారా?" అని అడగడం సంగతి. మీటింగ్ ముగుస్తుంటుంది. "మినిట్స్ ఎవరు రాస్తారు?" అని ప్రశ్న. మీటింగ్‌లో ఏమేం తేలిందో రాసిపెట్టే నోట్స్ అన్నమాట. ఒకరు లాప్‌టాప్ మూస్తారు, ఒకరు ఫోన్ తీస్తారు, ఒకరి మైకు ఆఫ్‌లోనే ఉంటుంది. నాలుగైదు సెకన్ల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని ఎవరు భరించలేరో వాళ్లే "సరే, నేను రాస్తాలెండి" అంటారు. పోయిన నెలలోనూ వాళ్లే.

ఈ సన్నివేశాన్నే నలుగురు పరిశోధకులు (లిండా బాబ్‌కాక్, మరియా రెకాల్డే, లీసె వెస్టర్లుండ్, లారీ వైన్‌గార్ట్) ప్రయోగంగా మలిచారు. అది 2017లో ప్రచురితమైంది. ఒకరినొకరు ఎరగని ముగ్గురిని ఒక జట్టుగా కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. రెండు నిమిషాల్లో ఒకరు బటన్ నొక్కాలి. నొక్కినవారికి 1.25 డాలర్లు, మిగతా ఇద్దరికి 2 డాలర్ల చొప్పున. ఎవరూ నొక్కకపోతే అందరికీ ఒక్కో డాలరే. ఎవరో ఒకరు నొక్కాలి, అది నేను కాకూడదు: సరిగ్గా మినిట్స్ రాసే పనిలాంటిదే. ఆడా మగా కలిసిన జట్లలో మహిళలు పురుషుల కంటే 48 శాతం ఎక్కువగా ముందుకొచ్చారు. ఒకరు అడిగి చేయించుకునే పద్ధతి పెట్టినప్పుడు మహిళలనే 44 శాతం ఎక్కువగా అడిగారు. అడిగితే ఒప్పుకున్నది మహిళల్లో 76 శాతం, పురుషుల్లో 51 శాతం.

మహిళల స్వభావమే అంతని ఎవరైనా అనవచ్చు. ఆ వాదనకు జవాబు ఆ అధ్యయనంలోనే ఉంది. అందరూ పురుషులే ఉన్న చోట పురుషులు, అందరూ మహిళలే ఉన్న చోట మహిళలు దాదాపు ఒకేలా ముందుకొచ్చారు. కాబట్టి ఇది స్వభావం కంటే "వాళ్లు ఎలాగూ చేస్తారులే" అన్న అంచనా వల్లే ఎక్కువగా జరుగుతోంది. స్వచ్ఛందంగా జరిగింది కదా అని ఆ పంపకం న్యాయమైపోదు.

నా వాటా ఎంతో నాకు ఎందుకు సరిగ్గా తెలియదు

1979లో మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే పరిశోధకులు కొందరు దంపతులను విడివిడిగా అడిగారు: ఇంటి పనుల్లో మీ వాటా ఎంత అని. ఎక్కువ పనుల్లో ఇద్దరి జవాబులూ కలిపితే నూటికి మించాయి. ఎవరూ అబద్ధం చెప్పలేదు. నేను చేసిన పని నాకు మొదటి నుంచి చివరిదాకా గుర్తుంటుంది. పక్కవారిదైతే అయిపోయాకే కంటపడుతుంది, ఒక్కోసారి అదీ పడదు. టీమ్‌లో అందరూ "నేనే ఎక్కువ చేస్తున్నాను" అనుకోవడానికి ఇది చాలు.

మరి అన్నీ రాసి పెట్టుకుంటే? ఇక్కడ ఆలోచనాపరులు రెండుగా చీలిపోతారు. రాయాలనేవారి మాట: రాయని పని లేనట్టే లెక్క. కొత్తగా చేరినవారికి నేర్పడం, అర్ధరాత్రి సర్వర్ ఆగితే లేచి చూడడం, అలిగిన క్లయింట్‌కు ఫోన్ చేసి సర్దిచెప్పడం వంటివి ఏ ప్రాజెక్టు షీట్‌లోనూ ఉండవు. రాస్తేనే పంచగలం. వద్దనేవారి మాట కూడా తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ప్రతిదానికీ పాయింట్లు పెడితే పాయింటు లేని సాయం ఎవరూ చేయరు. పక్కవారి సందేహం తీర్చడానికి పది నిమిషాలు ఇవ్వడం కూడా లావాదేవీ అయిపోతుంది. పైగా గంటలు కొలవడం తేలిక, టెన్షన్ కొలవడం కష్టం. రెండు గంటల సులువైన పనీ రెండు గంటల తలనొప్పి పనీ షీట్‌లో ఒకేలా కనిపిస్తాయి.

నా మట్టుకు నాకు, మళ్లీ మళ్లీ వచ్చే పనులను, ఎవరూ కోరుకోని పనులను రాసి, అప్పటికప్పుడు చేసుకునే సాయాన్ని లెక్కలోకి తేకపోవడం మేలనిపిస్తుంది. గీత ఎక్కడ గీయాలో ఆ టీమే తేల్చుకోవాలి.

ఎవరు నిర్ణయించాలి

మేనేజర్ పంచడం వేగంగా అవుతుంది, మొత్తం బొమ్మ ఒకరి కంటికి కనిపిస్తుంది. కానీ ఎవరి మీద నమ్మకం ఉంటే వారికే పని పోతుంది. ఎవరికి కావలసినది వారే తీసుకునే పద్ధతిలో ఇష్టంగా చేస్తారు. అయితే ఆకర్షణ లేని పనులు అడుగున మిగిలిపోతాయి, బిడియస్థులకు అవే దక్కుతాయి. వంతులవారీ పద్ధతి అందరికీ అర్థమవుతుంది గానీ, నైపుణ్యం కావలసిన పనికి అది చేటు చేస్తుంది.

చీటీ వేయడం చాలామందికి పిల్లచేష్టగా అనిపిస్తుంది. ప్రాచీన ఏథెన్స్ చాలా పదవులను, న్యాయనిర్ణేతల స్థానాలను చీటీతోనే నింపింది. దానికోసం రాతితో చేసిన ప్రత్యేక యంత్రాలే ఉండేవి. అదే ఏథెన్స్ ఏటా పదిమంది సేనానులను మాత్రం ఓటు వేసి ఎన్నుకునేది. యుద్ధం నడపడం అందరికీ వచ్చిన పని కాదు కాబట్టి. ఈ విభజన నేటి టీములకూ పనికొస్తుంది. ఎవరు చేసినా ఒకేలా ఉండే పనికి వంతో చీటీయో, చేతగాక చెడితే నష్టం జరిగే పనికి ఎంపిక.

పద్ధతి ఏదైనా, ఎలా నిర్ణయించారన్నది తెలియాలి. న్యాయస్థానాల తరహా వివాదాల మీద 1970ల్లో జాన్ తిబో, లారెన్స్ వాకర్ చేసిన పరిశోధన, తమ మాట చెప్పుకునే వీలున్న విధానాన్ని మనుషులు ఎక్కువ న్యాయమైనదిగా చూస్తారని తేల్చింది. కష్టమైన పని మీద పడినా, కారణం చెప్పి, అభ్యంతరం విని పడితే దాన్ని మనిషి మోసే తీరు వేరు. ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. నిర్ణయం ముందే అయిపోయి, మాట వినడం తంతుగా మారితే, అసలు అడగకపోవడం కంటే చేటు.

సాఫ్ట్‌వేర్ పంచినప్పుడు

ఎవరు ఏ పని ఎంతసేపట్లో చేశారో పాత రికార్డులు చూసి కొత్త పనులు కేటాయించే టూల్స్ ఇప్పుడు మామూలయ్యాయి. పక్షపాతం ఉండదన్నది వాటికి పెద్ద ప్లస్ పాయింటుగా చెబుతారు. ముఖం చూసి పంచవన్నంత వరకు నిజమే. కానీ లత ప్రెజెంటేషన్‌కు తొమ్మిది గంటలు తీసుకుంటుందని ఒకసారి నమోదయ్యాక టూల్ ఆమెకు దాన్ని మళ్లీ ఇవ్వదు. ఇవ్వదు కాబట్టి ఆ తొమ్మిది ఎప్పటికీ తగ్గదు. పాత పంపకంలోని వంకర కొత్త పంపకానికి ఆధారమవుతుంది. "నాలుగు వారాల్లో ఒక్కసారైనా ప్రతి ఒక్కరికీ ప్రతి పనీ రావాలి" అని షరతు పెడితే యంత్రం దాన్నీ పాటిస్తుంది, ఖర్చు ఎంత పెరిగిందో కూడా చెబుతుంది. ఆ షరతు పెట్టాల్సింది మాత్రం మనిషే.

యాప్‌ల ద్వారా పనిచేసేవారి విషయంలో యూరోపియన్ యూనియన్ 2024లో ఒక ఆదేశం తెచ్చింది. పనులు కేటాయించే ఆటోమేటిక్ వ్యవస్థల మీద మనుషుల పర్యవేక్షణ ఉండాలి, తమ మీద ప్రభావం చూపే ముఖ్యమైన నిర్ణయాలకు వివరణ అడిగే హక్కు పనివారికి ఉండాలి అంటుంది అది. సభ్య దేశాలు 2026 డిసెంబరు 2లోగా దాన్ని తమ చట్టాల్లోకి తీసుకోవాలి. అది డిజిటల్ వేదికల కోసం చేసింది. మామూలు ఆఫీసులో ఉద్యోగులకు పనులు పంచే టూల్ దాని పరిధిలోకి రాదు. అక్కడ "ఈ పని నాకే ఎందుకు వచ్చింది?" అని అడిగితే జవాబు చెప్పగలిగేవారు ఒకరు ఉండాలా వద్దా అన్నది ప్రస్తుతానికి ఆ సంస్థ, ఆ టీమ్ నిర్ణయించుకోవాల్సిన సంగతి.